మూడు గంటలు ముందుకి, మూడు గంటలు వెనక్కి

శాంతియాగో
12 మే 1994, గురువారం

ప్రియమైన కోరో,

ఇవాళ పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: కాన్పుల వార్డు నర్సమ్మ ఒర్తెన్సియా సరేనంది!

బిడ్డ కడుపులో అడ్డం తిరిగి ఉందని వైతియా అక్కని మన దీవి డాక్టరు ఇక్కడికి పంపి పది రోజులైంది కదా. పరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ నేను ఒర్తెన్సియా వెంటపడ్డాను. కాన్పయ్యాక బయటపడే మాయని ఇక్కడ కాల్చేస్తారట. అదే పద్ధతట. "మాది మాకిచ్చెయ్యండి" అన్నాను.

"బిడ్డని తీసుకెళ్ళేవాళ్ళని చూశాను గానీ మాయ తీసుకెళ్తాననే పిల్లని ఇప్పుడే చూస్తున్నా. ఏం చేసుకుంటారు, వండుకుంటారా?"

"మా ఇంట్లో పుట్టిన ప్రతి ఒక్కరిదీ మా నేలలో పెడతాం. పైన ఒక రాయి ఉంటుంది. అలా పెడితేనే ఆ బిడ్డ ఆ నేలది."

"మీ నేల ఎంత దూరం?"

"మూడు వేల ఏడువందల అరవై కిలోమీటర్లు. విమానంలో ఐదున్నర గంటలు. మధ్యలో నీళ్ళు తప్ప ఏమీ లేదు."

ఆవిడ చేతిలో ట్రే కింద పెట్టేసింది. "పక్క ఊళ్ళో మా అత్తగారింటికి వెళ్ళాలంటేనే నాకు కాళ్ళు రావు" అని నవ్వి, ఇవాళ పొద్దున "సరేలే, పెట్టె తెచ్చుకో. ఎవరితోనూ అనకు" అంది. అక్క పక్కనుంచి "ఇది ఎవరితోనూ అనకుండా ఉండటమా! ఇప్పటికే ఉత్తరం రాసేసి ఉంటుంది" అంది. చూశావా, అక్కకి నేనెంత బాగా తెలుసో.

కాలేజీలో నా పక్క గది అమ్మాయి నేను నిన్ను 'కోరో' అనడం విని, "ఎవరది, మీ కుక్కా?" అని అడిగింది. మా భాషలో తాతని అలాగే అంటారని చెప్పాను. అయినా వారం రోజులు అలిగాను. నేను రోజూ కొత్త మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను, కోరో. ఇక్కడి భాషలో దూరానికి ఎన్నో మాటలున్నాయి గానీ, ఒక్కటీ మన దూరానికి సరిపోదు.

సరే, అసలు సంగతి. కాన్పు జూలై మొదట్లో. నువ్వు నాది ఎలా తెచ్చావో మళ్ళీ రాయి. ఎలాంటి పెట్టె? ఎంత ఐసు? అమ్మ చెప్పేది నాకింకా గుర్తుంది: "పొద్దున శాంతియాగోలో, మధ్యాహ్నం వైహూ మట్టిలో. ఐసుముక్క కూడా కరగలేదు." అమ్మ పోయి పన్నెండేళ్ళయినా ఆ మాట ఆవిడ గొంతుతోనే వినిపిస్తుంది. ఇంకెవరున్నారు చెప్పడానికి, నువ్వు తప్ప?

ఈ ఉత్తరం, దీవికి తిరిగొస్తున్న మన హువానా ఇకా పట్టుకొస్తోంది.

నీ రీవా


హంగరోవా
24 మే

పిల్లపంతులమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి అర్థమైంది, మూడోసారి సరదాకి. అంత పొడుగు వాక్యాలు ఎక్కడ దొరుకుతున్నాయే నీకు? హువానా విమానం దిగుతూనే "మీ మనవరాలు రాసింది, బరువుకి నా భుజం పడిపోయింది" అంది. అబద్ధం. ఆవిడ భుజం పడిపోయింది మెట్ల మీద మోసిన సాసేజీల పెట్టె వల్ల.

నీదా? ఇట్టే వచ్చేసింది. పొద్దున అక్కడ, మధ్యాహ్నం ఇక్కడ. అందులో చెప్పడానికేముంది.

మన పెట్టె ఎలాంటిదైనా పరవాలేదు, చేపలు పంపుకునే తెల్ల పెట్టె చాలు. మూత చుట్టూ టేపు వెయ్యి. ఐసు ఎనిమిది గంటలు ఆగుతుంది, ఎండలో పెట్టకపోతే. పెట్టె మీద పేరు పెద్దగా రాయి. కిందటి నెల మీ బావ తావాకే ట్యూనా చేపల పెట్టె అనుకుని ఇంకెవరిదో తెచ్చి విప్పితే లోపల పెళ్ళి కేకు. వాళ్ళు పెళ్ళిలో చేప కోశారు. మీ బావ ఆ రోజు నుంచి పేరు చదవకుండా పెట్టె ముట్టడు.

నేను ఎయిర్‌పోర్టు ఫైరింజను మీద ఇరవై ఆరేళ్ళు కూర్చుని ఒక్క మంటా ఆర్పలేదు గానీ, రన్‌వే మీద నుంచి ఎన్ని గుర్రాలని తోలానో లెక్కలేదు. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నా, విమానం చప్పుడు వినిపిస్తే కాళ్ళు వాటంతట అవే లేస్తున్నాయి. చెప్పొచ్చేదేమిటంటే, మన దగ్గర విమానం రాకపోకలు గడియారంలాంటివి. నువ్వు దిగులు పెట్టుకోకు. వైహూలో మన నేల మీద రాళ్ళన్నీ కడిగాను. అక్క రాయి, మీ అమ్మ రాయి, నాది. నీ రాయి పక్కనున్న అరటి అన్నిటికన్నా ఎత్తు పెరిగింది, చూస్తే ఆశ్చర్యపోతావు.

అక్కని ఉప్పు తగ్గించమను. నువ్వు తినడం పెంచు.

కోరో


శాంతియాగో
20 జూన్, సోమవారం

కోరో, నా కోరో,

 నువ్వు నాకెందుకు చెప్పలేదు?

లైబ్రరీలో పాత పేపర్లు చూసి వ్యాసం రాయమన్నారు. ఎవరి ఇష్టం వచ్చిన వారం వాళ్ళు తీసుకోవచ్చు. నేను పుట్టిన వారమే తీసుకున్నాను, 1975 ఆగస్టు. పుట్టిన మర్నాడే నువ్వు పెట్టెతో బయల్దేరావని తెలుసు కదా. ఆ తరవాతి రోజు పేపరులో, ఐదో పేజీ కింద, నాలుగే వాక్యాలు. దీవికి వెళ్ళే విమానం మూడు గంటలు ఎగిరాక, దీవి మీద గాలివాన ఎక్కువగా ఉందని కబురందడంతో వెనక్కి తిరిగింది. ప్రయాణికులంతా క్షేమం. మళ్ళీ విమానం నాలుగు రోజుల తరవాత.

నేను ఆ నాలుగు వాక్యాలు కాపీ రాసుకున్నాను. తరవాత కూర్చుని లెక్కవేశాను. మూడు గంటలు ముందుకి, మూడు గంటలు వెనక్కి. ఆరు గంటలు గాల్లో ఉండి, బయల్దేరిన చోటే దిగావు! దారిలో ఒక గీత దాటితే ఇక వెనక్కి తిరగడానికి ఆయిల్ చాలదని, అందుకే ఆ గీత దాటకముందే తేల్చుకోవాలని నువ్వే చెప్పేవాడివి. ఆ గీత దగ్గర నువ్వూ నేనూ తిరిగామన్నమాట, కోరో. నేను ఒక పెట్టెలో, నీ ఒళ్ళో.

అమ్మకి నువ్వు 'పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం అక్కడ' అని ఎందుకు చెప్పావో అర్థమైంది. ఒంట్లో బాగాలేని మనిషిని కంగారు పెట్టకూడదని. మనవాళ్ళందరికీ అదే అలవాటు కదా, జరిగినది కాదు, విమానం టైమ్‌టేబుల్లో ఉన్నది చెబుతారు. నిన్న అక్కకి చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకుంది. "ముసలాయన నాలుగు రోజులు దాన్ని ఎక్కడ కాపాడాడే, ఈ మహానగరంలో, భాష కూడా సరిగ్గా రాకుండా!" అంది.

అందుకే ఈ ఉత్తరం. ఒర్తెన్సియా ఒకటే అంటోంది: "ఇచ్చిన రోజే తీసుకుపో, మా ఫ్రిజ్‌లో పెట్టనివ్వరు." జూలై అంటే మన దగ్గర గాలివానల నెల. విమానం తిరిగొస్తే ఏం చెయ్యాలి? ఎనిమిది గంటలని రాశావు. ఆరు గంటలు గాల్లోనే పోతే, మిగిలేది రెండు. నువ్వు నాలుగు రోజులు ఆపావు! ఎక్కడ? ఎవరింట్లో? ఎంత ఐసుతో? ఆ చోటు పేరు రాయి. ఇంకా ఉంటే ఇప్పుడే వెళ్ళి అడుగుతాను. డాక్టరు మూడు వారాల్లోపే అంటున్నాడు. త్వరగా రాయి.

నువ్వెంత గొప్పవాడివో నాకు ఇంతకాలం తెలియలేదు.

రీవా


హంగరోవా
27 జూన్

రీవా,

ఇది నాలుగో కాగితం. మూడు చింపేశాను. మొదటి దాంట్లో ఒక కసాయి కొట్టు పేరు రాశాను, అలాంటి కొట్టు లేదు. అది నమ్మి నువ్వు బిడ్డ మాయ పట్టుకుని ఊరంతా తిరుగుతావని తట్టింది. చెయ్యి ఆగిపోయింది.

అలాంటి చోటేదీ లేదు తల్లీ. నేను ఆపలేదు.

మీ అమ్మకి నువ్వు పుట్టాక నెత్తురు ఆగలేదు. డాక్టరు నన్ను బయటికి పిలిచి "మీరు ఊరెళ్ళకుండా ఉంటే మంచిదేమో" అన్నాడు. లోపల మీ అమ్మ నా చొక్కా పట్టుకుని "నాన్నా, దాన్ని చేర్చు, నేను చేరినా చేరకపోయినా" అంది. అప్పుడు ఇరవైనాలుగేళ్ళు దానికి. నేను ఎక్కాను. మూడు గంటల తరవాత రెక్క ఒక పక్కకి వాలింది. ఎండ కుడి కిటికీలోంచి ఎడమ కిటికీలోకి మారింది. ఎవరూ ఏమీ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. పక్కనున్న ముసలావిడ "వచ్చేశామా?" అని అడిగింది. "ఆఁ, వచ్చేశాం" అన్నాను.

మళ్ళీ శాంతియాగోలో దిగేసరికి ఐసు నీళ్ళయిపోయింది. రెండు హోటళ్ళు అడిగాను. పెట్టెలో ఏముందన్నారు, చెప్పాను, తరిమారు. రెండో రోజుకి వాసన. మూడో రోజు పొద్దున బస్సెక్కి శాన్ ఆంతోనియో రేవుకి పోయాను. అక్కడ ఒక జాలరి తన పడవలో నన్ను లోపలిదాకా తీసుకెళ్ళాడు, ఎందుకని అడగలేదు. మన పాట పాడి నీది సముద్రంలో వదిలాను. ఈ నీళ్ళు ఎటు పోతాయని అడిగితే, "పైకి పోయి పడమటికి తిరుగుతాయి తాతా" అన్నాడు. నన్ను తాతా అని పిలిచిన మొదటి మనిషి అతనే. అక్క పుట్టినప్పుడు వయసులో ఉన్నానుగా, ఎవరూ నన్నలా పిలవలేదు.

తిరిగి వెళ్తూ బజారులో ఆవు కాలేయం ఒక ముక్క కొన్నాను. అదీ ఇదీ చూడటానికి ఒకేలా ఉంటాయి. దీవిలో అందరూ ఎదురుచూస్తున్నారు. వైహూలో దాన్నే పాతాను. ప్రార్థన చదివారు. పైన నీ రాయి పెట్టాను. నెల తరవాత మీ అమ్మ బతికి ఇంటికొచ్చింది. రాయి మీద బుగ్గ ఆనించి చాలాసేపు పడుకుంది. ఆ తరవాత ఎప్పుడు చెప్పమంటావు? చెప్పు, ఎప్పుడు చెప్పమంటావు?

అలా దీవికి తిరిగొచ్చాక నేను మళ్ళీ విమానం ఎక్కలేదు. విమానాల పక్కనే ఉద్యోగం చేశాను గానీ ఎక్కలేదు.

ఇది ఎవరికీ చదివి వినిపించకు.

బెనిగ్నో


శాంతియాగో
1 జూలై

కోరో,

మీ ఉత్తరం అందింది.

కాలేజీలో చేరిన మొదటి రోజు ఒక్కొక్కరం లేచి మేమెవరమో చెప్పాలి. అందరూ వీధి పేరు, స్కూలు పేరు చెప్పారు. నేను "నా శరీరంలో ఒక భాగం వైహూలో మట్టయింది, అందుకని నేను అక్కడిదాన్ని" అన్నాను.  మాస్టారు ఆ వాక్యం బోర్డు మీద రాశారు. నా జీవితంలో నేను కట్టిన మొదటి మంచి వాక్యం అది.

ఆవు కాలేయం.

ఇన్నేళ్ళూ నేను దాని మీద పూలు పెట్టాను. అమ్మ బుగ్గ ఆనించింది. మీరు పక్కనే నిలబడి చూశారు.

అక్కది నిజమేనా? ఒక్క మాటలో రాయండి. ఇంకేమీ రాయొద్దు.

రీవా


హంగరోవా
4 జూలై

నిజం. అక్క ఇక్కడే పుట్టింది, నా చేత్తోనే పెట్టాను. మీ అమ్మదీ నిజం.

ఇంకేమీ రాయొద్దన్నావు. ఇది నా గురించి కాదు, పెట్టె గురించి, అందుకని రాస్తున్నాను. తావాకేని అడిగాను, ట్యూనా రెండు రోజులు ఎలా ఆపుతారని. ఐసుని పిండిలా కొట్టి రాళ్ళుప్పు కలుపుతారట. పొర ఐసు, పొర ఉప్పు. లోపలిది ప్లాస్టిక్ సంచిలో రెండు చుట్లు. నీళ్ళు వంచేసి మళ్ళీ నింపాలి. ఒక రోజున్నర ధైర్యంగా ఉండొచ్చన్నాడు. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. అడగలేదు. సిగ్గుపడ్డాను.

నీకు 'నువ్వు' కాస్తా 'మీరు' అయిపోయాను కదా. చూశాను.

వద్దంటే పాతను, రమ్మంటే నేనే విమానమెక్కి వస్తాను. ఏదంటే అది.

కోరో


శాంతియాగో
11 జూలై, సోమవారం, సాయంత్రం

కోరో,

ఆడపిల్ల. ఈ మధ్యాహ్నం రెండుంబావుకి. పొట్ట కోసి తీశారు. అక్క బాగుంది. పాపకి నీ చెవులు, పాపం.

ఒర్తెన్సియా స్టీలు గిన్నెలో తెచ్చి "చూస్తావా?" అంది. చూడనని అనుకున్నాను, చూశాను. ఒక వైపు నున్నగా ఉంది, నీలం నరాలు మధ్యలోంచి బయల్దేరి కొమ్మలు కొమ్మలుగా చివరిదాకా పాకాయి.  ఇది కాలేయంలా ఉందని నువ్వెలా అన్నావు? అస్సలు లేదు. నువ్వు ఆ రోజు సరిగ్గా చూడలేదు. చూడలేకపోయావు. ఆ గిన్నె ముందు నిలబడ్డప్పుడే నా కోపంలో ఒక ముక్క ఊడి కిందపడింది. అంతా పోలేదు, ఊరికే సంబరపడకు.

చదివి వినిపించకన్నావు గానీ నా వల్ల కాలేదు. అక్కకి చెప్పేశాను.  ఏడుస్తుందేమో అనుకున్నాను. "అందుకా!" అంది. "అందుకేనే నీ రాయి పక్క అరటి అంత బలిసింది!" కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వించినందుకు నన్ను తిట్టింది, తరవాత ఏడ్చింది. పాప కూడా ఏడ్చింది. ఒర్తెన్సియా వచ్చి "మీ దీవిలో అందరూ ఇంతేనా?" అంది.

తరవాత అక్క కళ్ళు తుడుచుకుని అంది: "ఎవరి చేతికీ ఇవ్వకు. నువ్వు తీసుకెళ్ళు."

"బుధవారం పరీక్ష ఉందే."

"పరీక్ష మళ్ళీ పెడతారు. ఇది మళ్ళీ పెడతారా?"

మాస్టారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. కాలేయం సంగతితో సహా. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. "వెళ్ళిరా" అన్నారు.  

ఈ ఉత్తరం ఎవరి చేతా పంపడం లేదు. నేనే తెస్తున్నాను. నిన్ను చూస్తే ఏం మాట్లాడాలో నాకు తెలియదు. ఎదురుగా ఉంటే అరుస్తానేమో, లేకపోతే ఏమీ అననేమో. అందుకని ముందు ఇది నీ చేతికిస్తాను. ఎయిర్‌పోర్టు కంచె దగ్గరే నిలబడి చదువు. పెట్టె మాత్రం అప్పుడే నీకివ్వను.

గొయ్యి ముందే తవ్వి ఉంటే పూడ్చెయ్యి. నేను తవ్వుతాను, అప్పుడు పెట్టె నువ్వు పట్టుకో. లోపల ఏం పెడుతున్నామో బావ, హువానా, వచ్చినవాళ్ళంతా చూస్తారు. సంచి విప్పే పెడదాం. నా రాయి కదిలించకు. దాని కింద ఏముందో వాళ్ళకి నువ్వే చెప్పాలి, నేను చెప్పను. చెప్పేటప్పుడు నీ పక్కన నిలబడతాను. అంతవరకు మాటిస్తున్నాను.

నా సంగతి ఆలోచించాను. పది రోజులు ఇంకేమీ ఆలోచించలేదు. ఆ వాక్యం నోటుపుస్తకంలో కొట్టేశాను. దాని కింద ఇంకొకటి రాద్దామనుకుంటే రాలేదు. శాన్ ఆంతోనియో నుంచి వైహూ దాకా ఎన్ని కిలోమీటర్లో మాత్రం మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచాను. ఇంచుమించు అదే దూరం. అంత నీళ్ళలో నేను ఎక్కడో ఉన్నాను. ఎక్కడని చెప్పలేను గానీ, ఉన్నాను.

ఈ ఒక్క రాత్రికీ ఎవరికీ తెలియకుండా ఫ్రిజ్‌లో దాచిన ఒర్తెన్సియా, రేపు పొద్దున ఆరింటికి ఆసుపత్రి వెనక తలుపు తీస్తుంది. తావాకే చెప్పినట్టే పొర ఐసు, పొర ఉప్పు. ఒక గోనెసంచి ఉప్పు కొన్నాను, కొట్టువాడు "ఆవునేమైనా ఊరగాయ పెడుతున్నావా" అన్నాడు. ఏడింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉంటాను. తొమ్మిదికి విమానం. మూడు గంటలకి రెక్క వాలితే, వెనక్కొచ్చి, ఐసు మార్చి, మళ్ళీ ఎక్కుతాను. వాలకపోతే, ఇక్కడికన్నా రెండు గంటలు వెనకుండే మీ గడియారంలో పన్నెండున్నరకి దిగుతాను; విమానం చప్పుడుకి నీ కాళ్ళే నిన్ను కంచె దగ్గరికి తెస్తాయి. క్యూలో అందరికన్నా ముందు నిలబడి కిటికీ సీటు అడుగుతాను. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఐదున్నర గంటలూ కిందికి నీళ్ళనే చూస్తూ వస్తాను.

రీవా